బటన్ నొక్కాం సరే, లెక్క ఎవరు చూస్తారు?

జూబ్లీహిల్స్ ఉపఎన్నిక అయిన దగ్గర్నుంచి ఈవీఎంల మీద ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. కొందరు కోపంగా రాశారు, కొందరు నిజంగా తెలుసుకుందామని రాశారు, ఒకరిద్దరు నన్ను ఏదో ఒక పార్టీ మనిషిగా తేల్చేశారు కూడా. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. టీచర్‌గా ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీ పడుతూనే ఉండేది, ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఆ మెషీన్ పక్కనే రోజంతా కూర్చున్నవాణ్ణి. అలాగని నేను చెప్పాను కాబట్టి నమ్మమనడం లేదు, ఎక్కడ ఎలా చూసుకోవచ్చో చెబుతాను, మీరే చూసుకోండి.

ప్రశ్న: సార్, మేం ఉండేది ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర. మా మామగారు ఆ కంపెనీలోనే చేసి రిటైరయ్యారు. ఈవీఎంని ఎవరూ ఏమీ చేయలేరని ఆయన, ఫోన్‌తో ఓట్లు మార్చేయొచ్చని మా అబ్బాయి, రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
— ఒక గృహిణి, కుషాయిగూడ

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి చూద్దామమ్మా. ఈవీఎంకి ఇంటర్నెట్ ఉండదు, వైఫై ఉండదు, బ్లూటూత్ ఉండదు. దేశం మొత్తానికి వీటిని తయారుచేసేది రెండే సంస్థలు, మీ ఇంటి పక్కనున్న ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్, రెండూ ప్రభుత్వ రంగానివే. తయారయ్యేటప్పుడు ఏ బటన్ ఎవరిదో మెషీన్‌కి తెలియదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే పేర్ల వరుస తేలుతుంది, గుర్తింపు ఉన్న పార్టీలవాళ్లు ముందు, తర్వాత మిగతా రిజిస్టర్డ్ పార్టీలవాళ్లు, ఆ తర్వాత ఇండిపెండెంట్లు, ప్రతి వరసలోనూ అక్షర క్రమం. అందుకని ఒక పార్టీ బటన్ ఒక చోట మూడోది అయితే పక్క నియోజకవర్గంలో అయిదోది కావచ్చు. పైగా ఏ మెషీన్ ఏ నియోజకవర్గానికి పోవాలో ఒకసారి, ఏ బూత్‌కి పోవాలో మరోసారి కంప్యూటర్‌లో కలిపేసి తీస్తారు, పార్టీలవాళ్ల ముందే. కాబట్టి ఎక్కడో కూర్చుని ఫోన్ నొక్కితే ఇక్కడ ఓట్లు మారిపోతాయనే వీడియోలు పట్టించుకోవద్దని చెప్పండి.

ఇప్పుడు మీ మామగారి మాట. ఎవరూ ఏమీ చేయలేరు అన్నది కూడా సరికాదు, దాన్ని చేసి చూపించినవాళ్లలో ఒకరు మన హైదరాబాద్ మనిషే. 2010లో హరిప్రసాద్ వేమూరు, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రోప్ గోంగ్రైప్ కలిసి నిజమైన ఈవీఎం ఒకటి విప్పి పరీక్షించారు. కౌంటింగ్ రోజున అంకెలు చూపించే బోర్డును తీసేసి అచ్చం అలాంటిదే దొంగ బోర్డు పెట్టడం ఒక దారి, పోలింగ్‌కీ కౌంటింగ్‌కీ మధ్య మెమరీ చిప్‌కి చిన్న పరికరం తగిలించి లెక్క మార్చడం ఇంకో దారి అని చూపించారు. రెండిటికీ మెషీన్ చేతికి చిక్కాలి, సీళ్లు తియ్యాలి, ఎవరూ చూడకూడదు. అది పాత రకం మెషీన్, ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద చూపించే వీవీప్యాట్ అప్పటికి లేదు. ఆ మెషీన్ దొంగిలించిందని కేసు పెట్టి అదే ఏడాది ఆగస్టులో ముంబయి పోలీసులు హరిప్రసాద్‌ని హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. లోపం చూపించిన మనిషిని ముందు పట్టుకెళ్లడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మీ ఇంట్లో గొడవ తీరాలంటే ప్రశ్న కొంచెం మార్చండి. మెషీన్ మంచిదా చెడ్డదా అని కాకుండా, మా బూత్ మెషీన్ పొద్దున్నించి కౌంటింగ్ దాకా ఎవరి కళ్ల ముందు ఉంది, లెక్క తప్పితే పట్టుకునే దారి ఏది అని అడగండి. ఆ రెండిటికీ సమాధానం దొరికితే మీ మామగారికీ అబ్బాయికీ పేచీ ఉండదు.

ప్రశ్న: నేను నొక్కింది ఒకటి, స్లిప్పు మీద కనిపించింది ఇంకోటి అయితే అక్కడే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, భోలక్‌పూర్

జవాబు: బూత్ దాటి బయటికి రాకండి. వెంటనే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి చెప్పండి. 49ఎంఏ అనే నిబంధన ఉంది, మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఏజెంట్ల ముందు మీతో ఒక టెస్ట్ ఓటు వేయిస్తారు. మీరు చెప్పింది నిజమని తేలితే ఆ మెషీన్ మీద పోలింగ్ ఆపేసి రిటర్నింగ్ ఆఫీసర్‌కి తెలియజేయాలి. తప్పని తేలితే మాత్రం తప్పుడు సమాచారం ఇచ్చారని కేసు పెట్టొచ్చు, ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ పడొచ్చు.

ఈ చివరి ముక్కే నాకు మింగుడు పడదు. ఒకసారి తప్పు చూపించిన మెషీన్ రెండోసారి కూడా అదే తప్పు చూపించాలని ఎక్కడుంది? నిజంగా చూసినవాడు కూడా జైలు మాట వినగానే మనకెందుకులే అనుకుని ఇంటికి పోతాడు. అబద్ధపు ఫిర్యాదులతో పోలింగ్ ఆపేసేవాళ్లు ఉంటారు, నిజమే, దానికి జరిమానా చాలు. స్లిప్పు కనిపించేది ఏడు సెకన్లు, లోపల లైటు వెలిగినంతసేపే. బటన్ నొక్కేసి బీప్ రాగానే వెనక్కి తిరిగేవాళ్లను ఎంతోమందిని చూశాను. ఆ ఏడు సెకన్లూ కదలకండి. గుర్తు ఒక్కటే చూస్తే చాలదు, పేరూ నంబరూ కూడా చదవండి.

ప్రశ్న: జూబ్లీహిల్స్‌లో మా అమ్మ ఓటేయడానికి వెళ్తే నాలుగు మెషీన్లు వరసగా పెట్టారట, ఏది ఎక్కడుందో తెలియక టెన్షన్ పడిపోయి ఏదో నొక్కేసి వచ్చింది. అన్ని మెషీన్లు ఎందుకు? మోసం కాదా ఇది?
— ఒక ప్రైవేటు ఉద్యోగిని, బోరబండ

జవాబు: మోసం కాదమ్మా. మనం నొక్కే బటన్లుండే పెట్టెను బ్యాలెట్ యూనిట్ అంటారు, ఒకదాని మీద పదహారు పేర్లే పడతాయి. మీ ఉపఎన్నికలో 58 మంది నిలబడ్డారు, నోటా కలిపితే 59, అందుకే నాలుగు యూనిట్లు. 2019లో నిజామాబాద్ పార్లమెంటు స్థానానికి పసుపు రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే 185 మంది అయ్యారు, ఒక్కో బూత్‌లో పన్నెండు యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అంతకు ముందు 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో ఉన్నారు, అప్పుడు పేపర్ బ్యాలెట్ కాబట్టి అది పుస్తకంలా తయారైంది. మన దగ్గర జనం కోపం వస్తే నామినేషన్ వేస్తారు, మెషీన్ దానికి తట్టుకోవాలి. ఇప్పటి ఎం3 రకం 24 యూనిట్ల దాకా తట్టుకుంటుంది.

కానీ మీ అమ్మగారు పడిన ఇబ్బంది చిన్నదేం కాదు. పోలింగ్ కేంద్రం బయట అభ్యర్థుల జాబితా అంటిస్తారు, ఈసారి వెళ్లేటప్పుడు మీరు కూడా నిలబడి ఆమె ఓటేయాలనుకున్న పేరు ఎన్నో నంబరో చెప్పండి, ఆ నంబరు గుర్తుంటే చాలు. 2025 బిహార్ ఎన్నికల నుంచి అభ్యర్థుల ఫొటోలు రంగుల్లో వేస్తున్నారు, అదీ కొంత నయం. చూపు బొత్తిగా ఆనకపోయినా, తనంతట తాను నొక్కలేని పరిస్థితిలో ఉన్నా ఒక సహాయకుణ్ణి తీసుకెళ్లొచ్చు.

ప్రశ్న: రోజంతా వాడిన మెషీన్‌లో బ్యాటరీ 99 శాతం ఎలా ఉంటుంది? ఇది చాలదా మోసానికి రుజువు?
— ఒక మొబైల్ షాపు యజమాని, కోఠి

జవాబు: 2024 హరియాణా ఎన్నికల తర్వాత ఇది బాగా తిరిగింది. కంట్రోల్ యూనిట్‌లో, అంటే పోలింగ్ సిబ్బంది దగ్గరుండి ఓట్ల లెక్క దాచే భాగంలో, వాడేది మీరు అమ్మే ఫోన్లలోలాంటి చార్జింగ్ బ్యాటరీ కాదు, ఒకసారి వాడే ఆల్కలైన్ పవర్ ప్యాక్. వోల్టేజీ 7.4 కంటే పైన ఉన్నంతవరకూ డిస్‌ప్లే 99 శాతం అనే చూపిస్తుంది, అంతకంటే తగ్గాకే అంకె దిగుతుంది. తక్కువ ఓట్లు పడిన బూత్‌లో రోజంతా 99 ఉండిపోవడం మామూలే. రుజువు అనాలంటే ఇది చాలదు.

ప్రశ్న: ఇదంతా ఎందుకు సార్, హాయిగా పేపర్ బ్యాలెట్ పెట్టేస్తే పోలా? జర్మనీ వాళ్లే వద్దన్నారు, మనకేంటి బాధ?
— ఒక ఆటో డ్రైవర్, మలక్‌పేట

జవాబు: అన్నా, మీ పేటలోనే మొదలుపెడతాను. 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు కరోనా వల్ల పేపర్ బ్యాలెట్‌తో జరిగాయి కదా, ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో బ్యాలెట్ మీద సీపీఐ కంకి కొడవలి ఉండాల్సిన చోట సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపేసి రెండు రోజుల తర్వాత డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. అదే ఎన్నికల్లో కొన్ని బూత్‌లలో సిబ్బంది స్వస్తిక్ ముద్రకు బదులు వేరే స్టాంపు చేతికిచ్చారు, ఆ ఓట్లు చెల్లుతాయని ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇచ్చింది, హైకోర్టు అడ్డుపడింది, నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం కన్నా అలాంటి ఓట్లే ఎక్కువ ఉండటంతో ఫలితం రోజుల తరబడి ఆగిపోయింది. పేపర్ పెట్టేస్తే గొడవలుండవన్నది భ్రమ. రిగ్గింగ్ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ మనలో ఉన్నారు, అరగంటలో పుస్తకాలకు పుస్తకాలు గుద్దేసి పెట్టెలో వేసేవాళ్లు. ఈవీఎంలో బటన్ మీద బటన్ నొక్కినా ప్రతి ఓటుకీ కంట్రోల్ యూనిట్ నుంచి మళ్లీ అనుమతి ఇవ్వాలి, నిమిషానికి కొన్నిటికి మించి పడవు.

అయితే నేరేడ్‌మెట్ గొడవలో ఒక మంచి కూడా ఉంది. అక్కడ తప్పు ముద్ర కాగితం మీద కనబడుతోంది. అభ్యర్థి చూశాడు, ఏజెంట్ చూశాడు, కోర్టు చూడగలదు. వాదించుకోవడానికి చేతిలో ఒక వస్తువు ఉంది. జర్మనీ రాజ్యాంగ కోర్టు 2009 మార్చి 3న చెప్పింది దాదాపు ఇదే. వాళ్ల మెషీన్లలో మోసం జరిగిందని ఆ కోర్టు అనలేదు, ఆ ఎన్నికను రద్దు కూడా చేయలేదు. ఓటు పడటం, లెక్క తేలడం అనే ముఖ్యమైన దశలను సాంకేతిక చదువు లేని మామూలు పౌరుడు సైతం పరీక్షించుకోగలగాలి, ఆ మెషీన్లతో అది కుదరదు అంది. వాళ్ల మెషీన్లలో కాగితం లేదు. మన దగ్గర ఉంది. ప్రతి ఓటుకీ స్లిప్పు పడి పెట్టెలో భద్రంగా ఉంది. కాబట్టి నా మటుకు నేను మెషీన్ తీసేయమని అడగను, ఆ పెట్టె తెరవమని అడుగుతాను.

ప్రశ్న: అన్ని స్లిప్పులూ లెక్కపెట్టడానికి ఏం రోగం? లెక్కపెట్టకపోతే మరి వాటిని ప్రింటు చేయడం దేనికి?
— ఇంజినీరింగ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్న మీద దేశంలో పెద్ద పెద్ద లాయర్లు వాదించారు, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

స్లిప్పు రావడమే కోర్టు వల్ల. సుబ్రమణ్యస్వామి కేసులో 2013 అక్టోబర్ 8న సుప్రీంకోర్టు, స్వేచ్ఛగా సక్రమంగా ఎన్నికలు జరగాలంటే కాగితపు ఆధారం తప్పనిసరి అని చెప్పి దశలవారీగా వీవీప్యాట్ పెట్టమంది. పెట్టారు. కానీ లెక్కపెట్టేది అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్క బూత్‌వే. 2019లో చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్షాలు సగం స్లిప్పులైనా లెక్కించాలని కోర్టుకెళ్తే, ఏప్రిల్ 8న ఒకటిని అయిదు చేశారు. ఇప్పటికీ అదే లెక్క. జూబ్లీహిల్స్‌లో నాలుగు వందలకు పైగా బూత్‌లుంటే లాటరీ తీసి అయిదు. 2024 ఏప్రిల్ 26న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం నూరు శాతం లెక్కింపును ఒప్పుకోలేదు. చేత్తో లెక్కిస్తే రోజులు పడుతుంది, మనుషుల పొరపాట్లు పెరుగుతాయి, ఇప్పటిదాకా సరిచూసిన 4 కోట్లకు పైగా స్లిప్పుల్లో తేడా వచ్చింది ఒక్క చోటే అన్నది తీర్పు సారాంశం.

ఆ ఒక్క చోటు ఎక్కడో తెలుసా? మన తెలుగు నేలే, ఆంధ్రప్రదేశ్‌లోని మైదుకూరు, 63వ నంబరు బూత్, 2019. కారణం, మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి పొద్దున వేసిన మాక్ పోల్ ఓట్లను ప్రిసైడింగ్ ఆఫీసర్ చెరిపేయకపోవడం. నాకు ఆ ఉద్యోగి ఎవరో తెలియదు గానీ ఆ పొద్దు ఎలా ఉంటుందో తెలుసు. ముందు రోజు రాత్రి స్కూల్ బెంచీ మీద పడుకుని, నాలుగింటికే లేచి, ఆలస్యంగా వచ్చే ఏజెంట్ల కోసం ఎదురుచూస్తూ, ఒక పక్క లైను పెరిగిపోతుంటే క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మూడు బటన్లు వరసగా నొక్కాలి. మూడోది మర్చిపోతే చాలు. మెషీన్ ఏ తప్పూ చేయకుండానే బూత్ లెక్క తప్పుతుంది. ఇది ఎలా బయటపడింది? స్లిప్పులు లెక్కపెట్టారు కాబట్టి. ఆ బూత్ లాటరీలో రాకపోయి ఉంటే?

అందుకే నాకు కోర్టు మాటలో సగం సబబుగా అనిపించింది, సగం అనిపించలేదు. దేశం మొత్తం మీద మెషీన్లు బాగున్నాయా అని తెలుసుకోవాలంటే నమూనా చాలు, 479 మెషీన్లు సరిచూస్తే సరిపోతుందని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 2019లో లెక్కగట్టి ఎన్నికల సంఘానికి ఇచ్చింది కూడా. కానీ అభ్యర్థి ఓడిపోయేది దేశం మొత్తం మీద కాదు, తన నియోజకవర్గంలో. పాతిక వేల మెజారిటీ ఉన్న చోట అయిదు బూత్‌లు చాలు, మూడు వందల మెజారిటీ ఉన్న చోట ఆ అయిదుతో ఏం తేలుతుంది? మెజారిటీ తగ్గేకొద్దీ లెక్కించే బూత్‌లు పెరగాలి, మరీ తక్కువైతే మొత్తం లెక్కించాలి. ఇందుకు రోజులూ పట్టవు, ఎందుకంటే అంత పోటాపోటీగా ఉండేవి ఏ ఎన్నికలోనైనా కొన్నే. స్లిప్పులను మెషీన్‌తో లెక్కించే వీలు, గుర్తుతో పాటు బార్‌కోడ్ వేసే వీలు పరిశీలించమని ఆ తీర్పే సూచించింది.

ఆ తీర్పు ఇంకో తలుపు తెరిచింది. రెండో, మూడో స్థానంలో వచ్చినవాళ్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే, అసెంబ్లీ సెగ్మెంటుకు అయిదు శాతం మెషీన్ల మెమరీని తయారీ సంస్థ ఇంజినీర్లు తనిఖీ చేయాలి. ఖర్చు అడిగినవాళ్లదే, తేడా తేలితే తిరిగిస్తారు. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే పరికరాలను కూడా 45 రోజులు సీల్ చేసి ఉంచాలి. 2024 లోక్‌సభ ఫలితాల తర్వాత మన జహీరాబాద్ నుంచి, అటు విజయనగరం నుంచి, అసెంబ్లీకి ఒంగోలు, గజపతినగరం నుంచి దరఖాస్తులు వెళ్లాయి. ఒక్కో మెషీన్ సెట్‌కి 40 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 47,200 కట్టాల్సి వచ్చింది. తీరా చూస్తే తనిఖీ పేరుతో మాక్ పోల్ పెట్టి సరిపెడుతున్నారని మళ్లీ కేసు పడింది, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మెషీన్లలో ఉన్న డేటా చెరపొద్దని చెప్పాల్సి వచ్చింది. డబ్బులు కట్టి అడిగినవాడికి కూడా అడిగింది చూపించడానికి ఇన్ని మెలికలు పెడితే జనానికి అనుమానం రాదా తమ్ముడూ? మెషీన్‌లో ఏమీ లేకపోయినా వస్తుంది.

ప్రశ్న: ఓడిపోతే ఈవీఎం, గెలిస్తే ప్రజాతీర్పు. ఈ నాయకుల మాటలు విని మీరు ఇంత రాయడం అవసరమా?
— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట

జవాబు: మీ విసుగు నాకర్థమవుతుంది. 2019లో చంద్రబాబు అనుమానించారు, 2024లో ఓడాక జగన్ పేపర్ బ్యాలెట్ అన్నారు. పేపర్ బ్యాలెట్ కావాలని కేఏ పాల్ వేసిన పిటిషన్‌ను 2024 నవంబర్ 26న కొట్టేస్తూ సుప్రీంకోర్టు సరిగ్గా మీరన్న మాటే అంది, ఓడినప్పుడే ట్యాంపరింగ్ గుర్తొస్తుందా అని.

కానీ అడిగినవాడి బుద్ధి వేరు, అడిగిన విషయం వేరు. సుబ్రమణ్యస్వామి రాజకీయాలు నాకు నచ్చినా నచ్చకపోయినా ఆయన కేసు వల్లే ఇవాళ నాకు స్లిప్పు కనిపిస్తోంది. చంద్రబాబు పిటిషన్ వల్ల ఒకటి అయిదైంది, ఆ అయిదు ఇవాళ ఆయన ప్రత్యర్థికి కూడా పనికొస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో పోలింగ్ బూత్ సీసీటీవీ లాంటి ఎలక్ట్రానిక్ రికార్డులు జనం అడిగితే ఇవ్వక్కర్లేకుండా 93వ నిబంధన మార్చేశారు, అంతకు కొన్ని రోజుల ముందే పంజాబ్-హరియాణా హైకోర్టు ఒక కేసులో వాటిని ఇవ్వమని చెప్పింది. తర్వాత 2025లో, ఎన్నికల పిటిషన్ పడకపోతే 45 రోజులకు ఫుటేజీ తీసేయమన్నారు. ఓటర్ల గోప్యత కారణమన్నారు. ఓటేసే అర ఎలాగూ కెమెరాలో పడకూడదు, మరి లైనులో నిలబడ్డవాళ్లను దాచాల్సిన గోప్యత ఏముంటుందో నాకు అర్థం కాలేదు. రేపు అధికారం ఎటు మారినా ఈ నిబంధన మాత్రం ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ప్రశ్న: నేను వెళ్లేసరికి నా పేరు మీద ఎవరో ఓటేసి పోయారన్నారు. తిరిగొచ్చేశాను. తప్పు చేశానా?
— పేరు వద్దన్నారు, టోలీచౌకి

జవాబు: ఈసారి తిరిగి రావద్దు. మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి నమ్మకం కలిగితే 49పీ కింద టెండర్ ఓటు ఇస్తారు. అది మెషీన్‌లో పడదు, కాగితం బ్యాలెట్ ఇచ్చి కవర్‌లో పెడతారు. మామూలు కౌంటింగ్‌లో దాన్ని కలపరు, కోర్టు ఆదేశిస్తేనే తెరుస్తారు. అయినా వేయండి, ఆ బూత్‌లో దొంగ ఓటు పడిందనడానికి రికార్డు మీద మిగిలేది ఆ కవరే.

ప్రశ్న: వచ్చే ఎన్నికల్లో మా పార్టీ తరఫున నన్ను బూత్ ఏజెంట్‌గా కూర్చోమంటున్నారు. టిఫిన్ పెట్టి ఐదొందలిస్తారు, ఊరికే కూర్చోవడమే అని అందరూ అంటున్నారు. నిజంగా నేను చేసేదేమైనా ఉంటుందా?
— డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది నీదే తల్లీ. నా డ్యూటీలో ఎక్కువగా చూసింది ఊరికే కూర్చునే ఏజెంట్లనే. సీల్ నంబరు రాసుకోమంటే మీరే రాసేయండి సార్ అనేవాళ్లు, ఫారం చదవకుండా సంతకం పెట్టేవాళ్లు. సాయంత్రం ఆ పార్టీ నాయకుడే టీవీలో ట్యాంపరింగ్ అంటాడు.

పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు మాక్ పోల్ ఉంటుంది, దానికి వెళ్లు, ఆలస్యం చేయకు. కనీసం యాభై ఓట్లు వేయాలి, ప్రతి అభ్యర్థికీ, నోటాకీ పడాలి. ఎవరికి ఎన్ని వేశారో నీ పుస్తకంలో గీతలు పెట్టుకో. మెషీన్ చూపిన లెక్కతో, స్లిప్పుల లెక్కతో కలిపి చూడు. తర్వాత క్లియర్ నొక్కారా, టోటల్ సున్నా చూపిస్తోందా, నీ కళ్లతో చూడు. మైదుకూరు సంగతి పైన రాశాను కదా. వీవీప్యాట్ పెట్టెలో ఉన్న మాక్ పోల్ స్లిప్పులు బయటికి తీసి, వెనక మాక్ పోల్ అని ముద్ర వేసి నల్ల కవర్‌లో పెట్టి సీల్ చేయాలి, ఖాళీ పెట్టె నీకు చూపించాలి. కంట్రోల్ యూనిట్‌కి పెట్టే ఆకుపచ్చ పేపర్ సీల్ మీద ఏజెంట్లు కూడా సంతకం చేయొచ్చు, చెయ్యి, దాని సీరియల్ నంబరు రాసుకో. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ మూడిటి నంబర్లూ రాసుకో. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ, అది నీ హక్కు.

పగలంతా ఎంతమంది వేశారో గీతలు పెట్టుకుంటూ ఉండు. సమయం ముగిసేసరికి లైనులో ఉన్నవాళ్లకు చివరి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు, వాళ్లందరూ వేసేదాకా పోలింగ్ నడుస్తుంది. అయిదు గంటలకు టీవీలో చెప్పిన శాతానికీ రాత్రి చెప్పినదానికీ తేడా ఎందుకని గొడవపడేవాళ్లకు నీ గీతలే జవాబు. చివర్లో క్లోజ్ నొక్కించి టోటల్ చూడు. ఆ అంకె బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలో పడాలి, ఓటర్ల రిజిస్టర్ 17ఏతో సరిపోవాలి. 17సీ కాపీ ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకంతో నీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కణ్ణుంచి కదలకు.

ఈ కాగితానికి అంత విలువేముందంటావా? కౌంటింగ్ టేబుల్ దగ్గర మీ పార్టీ కౌంటింగ్ ఏజెంట్ చేతిలో నువ్విచ్చిన 17సీ ఉంటే, తెచ్చిన మెషీన్ అదేనా, సీల్ నంబరు అదేనా, మొత్తం ఓట్లు అవేనా అని అర నిమిషంలో చూసుకుంటాడు. లేకపోతే అక్కడ చూపించిందానికి తలూపడమే. హరియాణాలో పానిపట్ జిల్లాలోని ఒక ఊళ్లో 2022 సర్పంచ్ ఎన్నికలో ఒక బూత్‌లో ఇద్దరి ఓట్లు తారుమారుగా రాసేశారు. ఓడినట్టు తేలినాయన పట్టు వదలకుండా తిరిగితే, 2025లో సుప్రీంకోర్టు మెషీన్లను తన దగ్గరికే తెప్పించి లెక్కపెట్టించింది. ఆయన 51 ఓట్లతో గెలిచినట్టు తేలింది. మెషీన్‌లో లెక్క సరిగ్గానే ఉంది, రాసిన కాగితం తప్పింది. దాదాపు మూడేళ్ల పదవీకాలం పోయాక ఆ కుర్చీ దక్కింది.

ఇంకో సంగతి. నువ్వు ఇంటికెళ్లగానే 17సీ కాపీకి ఫోన్‌లో ఫొటో తీసుకో, అసలు కాపీ పార్టీ ఆఫీసులో ఇచ్చి ఇచ్చినట్టు రాయించుకో. ఫలితం వచ్చాక ఏడు రోజుల్లో మెమరీ తనిఖీ అడగొచ్చు, 45 రోజుల్లో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. ఆ 45 రోజులూ దాటేదాకా నీ గీతల పుస్తకం పారేయకు.